స్టైపెండ్ మొదలైంది, మామయ్య పాలసీ కూడా మొదలైంది

ప్రశ్న: వరంగల్‌లో ఎండీ మొదటి ఏడాదిలో చేరాను. స్టైపెండ్ 65 వేలు. ఎంబీబీఎస్‌కి నాన్న ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన లోన్ ఇప్పుడు 15 లక్షలుంది, వడ్డీ 10 శాతం, పీజీ అయ్యేదాకా ఈఎంఐ లేదు. అన్నీ పోను నెలకి 30 వేలు మిగులుతోంది. పోయిన వారమే మామయ్య దగ్గర ఏడాదికి లక్ష కట్టే 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపి ఉండేది) తీసుకున్నాను. నెలనెలా మ్యూచువల్ ఫండులో కట్టే ఎస్ఐపీ కూడా మొదలుపెట్టనా?

జవాబు: డాక్టరమ్మా, ఎస్ఐపీ సంగతి తర్వాత. ముందు ఆ పాలసీ బాండు మీకు ఏ తేదీన అందిందో చూడండి. అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసి వెనక్కి ఇచ్చేయొచ్చు, ఫ్రీ లుక్ అంటారు. స్టాంపు డ్యూటీ, మెడికల్ టెస్టుల ఖర్చు, ఆ నాలుగు రోజుల రిస్కు ప్రీమియం కోసుకుని మిగతాది ఇచ్చేస్తారు. మామయ్యకి కోపం వస్తుంది, కమీషన్ ఎక్కువుండేది మొదటి ఏడాదే కాబట్టి ఇంకాస్త ఎక్కువే వస్తుంది. అయినా ఇవ్వండి. ఇలాంటి పాలసీల్లో సాధారణంగా చేతికొచ్చేది 5, 6 శాతం, మీ అప్పుకి పడుతున్నది 10. ట్యాక్స్ ఆదా అని కూడా చెప్పే ఉంటారు. మీ ఆదాయం ఏడాదికి 8 లక్షల్లోపు, కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్నే కట్టక్కర్లేదు, లేని పన్నులో ఆదా ఏంటి? లోన్ వడ్డీకి మినహాయింపు ఉంది, తీర్చకు అని చెప్పే సీనియర్లకీ ఇదే జవాబు, ఆ మినహాయింపు పాత విధానంలోనే. ఒకవేళ స్టైపెండ్‌లో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తుంటే మాత్రం రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

ఇక లోన్. ఈఎంఐ లేదంటే వడ్డీ లేదని కాదు. నెలకి 12,500 పడుతూనే ఉంటుంది, మూడేళ్లకి నాలుగున్నర లక్షలై అసల్లో కలుస్తుంది. 15 లక్షల మీద పదేళ్లకి దాదాపు 19,800 ఉండాల్సిన ఈఎంఐ అప్పుడు 25,800 దగ్గరికి పోతుంది. కాబట్టి ఆ 30 వేలల్లో మొదటి 12,500 వడ్డీకే. చదువుతుండగా వడ్డీ కట్టేవాళ్లకి కొన్ని బ్యాంకులు రేటులో 1 శాతం దాకా తగ్గిస్తాయి. బ్రాంచికి వెళ్లి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

స్టైపెండ్ ఒకటో తారీఖున పడుతుందనే నమ్మకం పెట్టుకోకండి, బకాయిల కోసం జూనియర్ డాక్టర్లు ఎన్నిసార్లు రోడ్డెక్కారో మీకు నేను చెప్పాలా. పాలసీ నుంచి తిరిగొచ్చిన డబ్బుని వేరే సేవింగ్స్ అకౌంట్లో వేసి మర్చిపోండి. నెలకి 35 వేల ఖర్చు అంటే దాదాపు మూడు నెలలు ఆగుతుంది.

ఇంకోటి, చెప్పడం ఇబ్బందే కానీ చెప్పాలి. మీకేదైనా జరిగితే ఆ అప్పు నాన్నగారి మీదా, తనఖాలో ఉన్న ఇంటి మీదా పడుతుంది. కోటి రూపాయల టర్మ్ ఇన్సూరెన్స్ (పొదుపు లేని, మనిషి పోతేనే డబ్బిచ్చే బీమా) తీసుకోండి. మీ వయసుకి ప్రీమియం ఆ లక్షలో పదో వంతు అటూ ఇటూగా ఉంటుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. కావాలంటే అది మామయ్య దగ్గరే తీసుకోండి, పెళ్లిళ్లలో మొహం చూపించాలి కదా.

ఇవన్నీ కుదిరాక నెలకి 5 వేలతో ఇండెక్స్ ఫండులో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఫండు) ఎస్ఐపీ పెట్టండి. ఇంకా మిగిలితే లోన్ అసలుకి కట్టండి, ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్ అయితే ముందు కట్టినందుకు పెనాల్టీ పడదు.