బార్‌టెండర్ కావాలంటే తాగడం రానక్కర్లేదు, లెక్క రావాలి

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో ఏడాది చదువుతున్నాడు. కోర్సయ్యాక బార్‌టెండర్‌గా చేరతానంటున్నాడు. మా ఇంట్లో మందు ముట్టినవాళ్లు లేరు. చుట్టాలకు ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. అసలు ఈ పనికి ఏం రావాలి సార్? ఎదుగుదల ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. సారా మీద ఆడవాళ్లు కొంగు బిగించిన దూబగుంట మీ జిల్లాదే. 1992లో అక్కడ రాజుకున్న పోరాటమే 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. ఆ గడ్డ మీది తల్లి, కొడుకు బార్‌లో పని చేస్తానంటే ఉలిక్కిపడకుండా ఎలా ఉంటుంది? కాకపోతే ఒక్క మాట. మీవాడు కోరుకుంటున్నది తాగే పని కాదు. తాగేవాళ్ల మధ్య తాను తాగకుండా, లెక్క తప్పకుండా నిలబడే పని. ఈ సంగతి అబ్బాయికి తెలుసో లేదో ముందు కనుక్కోండి.

ఎందుకంటే చాలామంది పిల్లలు ఇటు మళ్లేది సీసాలు గాల్లోకి ఎగరేసి పట్టుకునే వీడియోలు చూసి. దాన్ని ఫ్లెయిర్ అంటారు. పార్టీల్లో చప్పట్లు పడతాయి. మంచి హోటల్ వాళ్లు ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ముందు చూసేది మాత్రం కొలత. మన దేశంలో చిన్న పెగ్గు 30 మి.లీ., పెద్దది 60. అంటే 750 మి.లీ. సీసాకి 25 చిన్న పెగ్గులు రావాలి. చెయ్యి కాస్త జారి ప్రతిసారీ 35 పోస్తే 21 పెగ్గులకే సీసా అయిపోతుంది. నాలుగు పెగ్గుల డబ్బు పోయినట్టే. తక్కువ పోస్తే గిరాకీని మోసం చేసినట్టు. రాత్రి కౌంటర్ మూసేటప్పుడు సీసాల్లో మిగిలినదాన్ని, బిల్లుల్లో పడినదాన్ని సరిచూసి స్టాక్ రాయాలి. తేడా వస్తే జవాబు చెప్పాల్సింది కౌంటర్ వెనకాల ఉన్నవాడే. లెక్కలంటే విసుక్కునే కుర్రాడికి ఈ ఉద్యోగం వద్దనే చెబుతాను.

రుచి విషయంలో అతనికి తొలి గురువు మీరే కావచ్చు. నెల్లూరు చేపల పులుసులో చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారం ఒకదాన్నొకటి మింగేయకుండా చూసుకుంటారు కదా, కాక్‌టెయిల్ కలపడంలో ఉన్న పనితనమూ అదే. క్యూబాలో పుట్టిన డైకిరీలో ఉండేవి రమ్ము, నిమ్మరసం, చక్కెర, అంతే. ఏది హెచ్చినా మొదటి గుక్కలోనే బయటపడుతుంది. నిమ్మ పులుపు కాయకూ కాయకూ మారుతుందని గూడూరు నిమ్మకాయలు వాడే మీకు చెప్పక్కర్లేదు. అందుకే కొలత ప్రకారం కలిపాక కూడా రుచి చూసి సర్దాలి. స్ట్రా కొసన రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంటే సరిపోతుంది, గ్లాసు తాగనక్కర్లేదు. ఐసు సంగతీ తెలియాలి. పళ్లరసం పడిన పానీయాన్ని షేకర్‌లో గట్టిగా కుదుపుతారు. నెగ్రోనీ లాంటి, రసం లేనివాటిని పొడుగు చెంచాతో నెమ్మదిగా తిప్పుతారు. రెండింట్లోనూ ఐసు కరిగి కొంత నీరు చేరుతుంది. ఆ నీరు ఎంత చేరాలో చేతికి తెలియడానికి నెలలు పడుతుంది.

జ్ఞాపకశక్తి, ఇంగ్లిష్, హిందీ, శుభ్రత, గంటల తరబడి నిలబడే ఓపిక, ఇవన్నీ కావాల్సినవే. హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో వీటికి ఎలాగూ తర్ఫీదు ఇస్తారు.

కాలేజీలో అంతగా నేర్పనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ‘ఇక చాలు సార్’ అనగలగడం. మాట ముద్దగా రావడం, గొంతు పెరగడం, పెగ్గు మీద పెగ్గు గబగబా అడగడం కనిపెట్టాలి. ముందు మంచినీళ్లు ఇచ్చి, తినడానికేమైనా తెప్పించి, తర్వాతి పెగ్గు ఆలస్యం చేయాలి. అప్పటికీ వినకపోతే మేనేజర్‌ని పిలవాలి. పక్కవాళ్ల ముందు ఆ మనిషి పరువు పోకూడదు. బండి తాళం చేతిలో ఉంటే క్యాబ్ పిలిపించాలి. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే బండి నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం పోయకూడదు. అనుమానం వస్తే ఎవరి కొడుకైనా సరే కార్డు చూపించమనాలి. ఒక ఇంటి మనిషి ఆ రాత్రి క్షేమంగా ఇల్లు చేరడం ఇలాంటి కుర్రాడి చేతిలో ఉంటుందమ్మా. చుట్టాలు అడిగితే ఈ మాట చెప్పండి.

ఇక మీ అసలు భయం. నిజమే, ఈ వృత్తిలో జారిపోయేవాళ్లున్నారు. డ్యూటీ దిగేది అర్ధరాత్రి దాటాక. చేతికందే దూరంలో సీసాలు. ‘ఒకటి నువ్వూ తీసుకో’ అని బలవంతం చేసే గిరాకీలు. స్నేహితుల మాట కాదనలేని మెతకతనం అబ్బాయిలో ఉంటే అది తల్లిగా మీకే తెలుస్తుంది. అలా ఉంటే గట్టిగా ఆపండి. ఫ్రంట్ ఆఫీస్, కిచెన్ ఎలాగూ ఉన్నాయి.

ఎదుగుదల ఉంది. బార్ మేనేజర్, హోటల్ మొత్తానికి పానీయాల విభాగం చూసే బెవరేజ్ మేనేజర్, కొత్త బార్లకు మెనూ రాసిచ్చే కన్సల్టెంట్, ఇలా మెట్లున్నాయి. డార్జిలింగ్ ప్రాంతం నుంచి వచ్చిన యాంగ్‌డుప్ లామా ఈ పనిలోనే పైకొచ్చి ఢిల్లీలో సైడ్‌కార్ అనే బార్ పెట్టారు. అది ప్రపంచపు 50 మేటి బార్ల జాబితాకెక్కింది. ముంబయిలో శత్‌భీ బసు అనే ఆవిడ, ఇది మగవాళ్ల పనిగా చెల్లుతున్న రోజుల్లోనే బార్‌టెండర్ అయి, తర్వాత ఎందరికో ఈ పని నేర్పారు. మొదట్లో జీతం మాత్రం తక్కువే, ఆశ పెట్టుకోవద్దు.

డిగ్రీ మధ్యలో వదలనివ్వకండి. ‘మూడు నెలల కోర్సు, ఓడలో ఉద్యోగం గ్యారంటీ’ అని లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి అసలే పంపొద్దు. ఓడ ఉద్యోగానికి ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం భద్రతా శిక్షణ, వైద్య పరీక్ష కావాలి. మనుషుల్ని పంపే ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడ సిబ్బంది నియామక) లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం ఆ నిబంధనలకే విరుద్ధం.

ఈలోగా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఖాళీ సీసాలో నీళ్లు నింపి, కంటి అంచనాతో 30 మి.లీ. పోసి, కొలిచి చూసుకోమనండి. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో బార్‌కి వేయమని అడిగి, కొన్నాళ్లు బార్‌బ్యాక్‌గా, అంటే బార్‌టెండర్‌కి సహాయకుడిగా, ఐసు మోసి, గ్లాసులు తుడిచి, నిమ్మకాయలు పిండి రమ్మనండి. అదంతా అయ్యాక కూడా ఇదే మాట మీదుంటే మళ్లీ రాయండి. ఏ హోటల్లో మొదలుపెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.