పురుగులు రొయ్యల్ని తినడం లేదు, రొయ్యలే పురుగుల్ని తింటున్నాయి

ప్రశ్న: వెనామీ రొయ్యల చెరువు, పిల్లలు వేసి 60 రోజులైంది. పెరుగుదల ఆగింది, సైజు తేడాలు బాగా ఉన్నాయి. అడుగు మట్టిలో అగ్గిపుల్లంత సన్నటి గొట్టాలు, వాటిలో ఎర్ర పురుగులు. మేతంతా అవే తినేస్తున్నాయి, మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని డీలర్ అంటున్నారు. ఎకరాకు ఎంత వేయాలి?

జవాబు: వేయకండి. అవి పాలీకీట్లనే సముద్రపు పురుగులు, రొయ్యలకు తిండి. పిల్ల దశలో నీటిలో తేలుతూ నీళ్లు పెట్టేటప్పుడు కట్టే ఫిల్టర్ బ్యాగు కన్నాల్లోంచి వచ్చేస్తాయి. అడుగుకు దిగాక ఒంటి జిగురుతో బురద, ఇసుక రేణువులు అతికించి గొట్టం కట్టుకుంటాయి. లోపల ఒళ్లు అలలా ఆడిస్తూ నీటిని లాక్కుని ఊపిరి తీసుకుంటాయి. ఎరుపు వాటి రక్తంలోని హిమోగ్లోబిన్‌ది, రొయ్య రక్తం తాగి వచ్చింది కాదు.

ఒక గొట్టాన్ని మట్టిపెళ్లతో సహా తీసి కోసి చూడండి. గోడ చుట్టూ తుప్పు రంగు ఉంటే ఆక్సిజన్ కిందికి దిగుతున్నట్టే. మట్టంతా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో, దారాల్లాంటి పురుగులు కుప్పలుగా ఉంటే మేత ఎక్కువ వేస్తున్నారు. చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) రెండు గంటల్లో ఖాళీ అయ్యేదాకా మేత తగ్గించండి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గనివ్వకండి.

మైలతుత్తంలోని రాగిని చాలావరకు బురదే పట్టేస్తుంది, గొట్టంలోకి చేరేది కొంచెమే. ఈలోగా నీటిలోని పాచి చస్తుంది, రొయ్య నీరసిస్తుంది. ఒకవేళ పురుగులు చచ్చినా అక్కడే కుళ్లి అమ్మోనియా పెంచుతాయి. షాపులో ఏ డబ్బా మిగిలితే చెరువులో ఆ రోగమే కనిపిస్తుంది మన డీలర్లకు!

సైజు తేడాలు చూస్తే నాకు అనుమానం ఈహెచ్‌పీ మీద. అది రొయ్య జీర్ణగ్రంథిలో చేరి ఎదుగుదలను దెబ్బతీసే సూక్ష్మ పరాన్నజీవి. బాగా గిడసబారిన 10 రొయ్యల హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) 95 శాతం ఆల్కహాల్‌లో వేసి పీసీఆర్ అనే జన్యు పరీక్షకు పంపండి. పురుగుల్ని పరీక్షించి లాభం లేదు. అవి ఈహెచ్‌పీ స్పోర్లను (రోగాన్ని అంటించే బీజాలను) మోయగలవు, అంతమాత్రాన మీ రొయ్యలకు సోకినట్టు కాదు. ఈహెచ్‌పీ తేలితే మందు లేదు. మేత ఖర్చు లెక్కేసుకుని పట్టుబడి చేసేయడమే, అంటే రొయ్యల్ని పట్టి అమ్మేయడమే.

ఆ తర్వాత చెరువు బాగా ఎండాక హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేసి 10–12 సెంటీమీటర్ల లోతున కలియదున్నండి. నీళ్లు చల్లి తడిపి వారం వదిలేయండి. మట్టి పీహెచ్ 12 దాటి రెండు రోజులు నిలవాలి. దాటలేదంటే మీకు అంటగట్టింది కాల్చిన సున్నం కాదు, సున్నపురాయి పొడి.