కెప్టెన్‌ని మారిస్తే జట్టులో గొడవ ఆగుతుందా?

రాయగడలో మీ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్‌కీ, సీనియర్ స్ట్రైకర్‌కీ మాటల్లేవని, కుర్రాళ్లు రెండు వర్గాలైపోయారని రాశారు. పెద్ద క్లబ్బుల్లోలాగా కెప్టెన్సీ మార్చేస్తే సరిపోతుందా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. అసలు వాళ్లిద్దరికీ ఎక్కడ చెడిందో, ఆ విషయాన్ని కోచ్ ఎప్పుడైనా తేల్చి చెప్పాడో లేదో ముందు కనుక్కోండి. ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలా ఏళ్లు డిఫెండర్‌గా ఆడాను, తర్వాత అదే జట్టు బాగోగులు చూశాను. నేను చూసిన తగాదాలు చాలావరకు ఎవరూ తేల్చకుండా వదిలేసిన చిన్న విషయం దగ్గరే పుట్టాయి.

2017 సెప్టెంబరులో పారిస్ సెయింట్ జర్మేన్, లియాన్ మ్యాచ్‌లో జరిగింది ఇదే. పెనాల్టీ నేను కొడతానంటే నేను కొడతానని పారిస్ జట్టువాళ్లే అయిన నెయ్‌మార్, కవానీ మైదానంలోనే వాదించుకున్నారు. చివరికి కవానీ కొట్టాడు, లియాన్ గోలీ ఆపేశాడు. పారిస్ 2-0తో గెలిచినా అందరూ ఆ గొడవ గురించే మాట్లాడారు. వాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి, లేకపోతే నేను నిర్ణయిస్తానని పారిస్ కోచ్ ఉనాయ్ ఎమెరీ మ్యాచ్ అయ్యాక అన్నాడు. నా దృష్టిలో ఆ నిర్ణయం మ్యాచ్‌కి ముందే జరగాల్సింది.

మా జట్టులో చిక్కు భాష దగ్గర వచ్చింది. హాఫ్‌టైమ్‌లో టౌన్ తెలుగు కుర్రాళ్లు కెప్టెన్ చుట్టూ చేరేవారు. ఒడియా కుర్రాళ్లు, కొండ ఊళ్ల నుంచి వచ్చిన సవర కుర్రాళ్లు నీళ్ల సీసాలు పట్టుకుని కాస్త ఎడంగా కూర్చునేవారు. కెప్టెన్ తెలుగులో గబగబా చెప్పేసేవాడు. లెఫ్ట్ బ్యాక్ ఆడే సవర కుర్రాడు తలూపేవాడు, సెకండ్ హాఫ్‌లో మళ్లీ పాత చోటే నిలబడేవాడు. మాట వినడం లేదని కెప్టెన్‌కి కోపం, నన్ను మనిషిగా చూడటం లేదని వాడికి బాధ. మా స్ట్రైకర్ వాడి పక్షం తీసుకున్నాడు. అక్కడితో జట్టు చీలింది. తిరుగు ప్రయాణంలో ఒకే బండిలో ఎక్కడానికి కూడా ఇష్టపడేవారు కాదు.

కోచ్ ఎవరినీ తిట్టలేదు. హాఫ్‌టైమ్ మాటలు ఇకనుంచి ఒడియాలోనే, అందరూ ఒకేచోట కూర్చోవాలి అన్నాడు. ఒడియా అందరికీ వచ్చు. పెనాల్టీ, ఫ్రీకిక్, కార్నర్ ఎవరు కొట్టాలో కాగితం మీద రాసి ఆటకి ముందు పైకి చదివేవాడు. కెప్టెన్, స్ట్రైకర్ స్నేహితులేమీ కాలేదు. కానీ ఒకరికొకరు బంతి ఇచ్చుకున్నారు, మాకు కావలసింది అదే.

కెప్టెన్సీ తీసేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 2019 ఫిబ్రవరిలో ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ కెప్టెన్సీని స్ట్రైకర్ ఇకార్డీ నుంచి తీసి గోల్‌కీపర్ హండనోవిచ్‌కి ఇచ్చింది. ఇకార్డీ ఆ తర్వాతి మ్యాచ్‌కి వియన్నా వెళ్లనన్నాడు, దాదాపు రెండు నెలలు ఆడలేదు, ఆ సెప్టెంబరుకల్లా పారిస్ సెయింట్ జర్మేన్‌కి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌లో జాకాకీ కెప్టెన్సీ పోయింది. సొంత అభిమానులే గేలి చేస్తే వాళ్లతో గొడవపడి, చొక్కా విప్పేసి మైదానం వదిలాడు. అతను క్లబ్ వదిలేయడం ఖాయమనుకున్నారు. కొత్తగా వచ్చిన కోచ్ ఆర్టెటా అతన్ని ఉండమని ఒప్పించాడు. 2022-23లో ఆర్సెనల్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచినప్పుడు జాకా ఆ జట్టులో ముఖ్యుడు. ఇద్దరికీ పదవి పోయింది, కానీ నువ్వు మాకు కావాలి అని కూర్చోబెట్టి చెప్పిన మనిషి జాకాకి దొరికాడు.

కాబట్టి ఈ వారం ప్రాక్టీసుకి ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. వాళ్ల వర్గాల వాళ్లెవరూ పక్కన ఉండకూడదు. తేల్చాల్సింది తేల్చి అందరికీ చెప్పండి. అప్పటికీ ఎవరైనా పంతానికి పాస్ ఇవ్వకపోతే, కెప్టెన్ అయినా స్ట్రైకర్ అయినా తర్వాతి మ్యాచ్ బెంచ్ మీద కూర్చోబెట్టండి. ఆ మాట మాత్రం జట్టుకంటే ముందు అతనికే చెప్పండి.