ఆఖరి ఎపిసోడ్ రాయబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

మీ సిరీస్‌కి ఆఖరి ఎపిసోడ్ నీ చేతికే ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింటి పిల్ల టైమ్ ట్రావెల్ కథ మొదలుపెట్టి ముగింపు దాకా లాక్కొచ్చిందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. హీరో ఇల్లు చేరడట, గతంలోనే చిక్కుకుపోతాడట, ‘అలా అయితేనే జనం గుర్తుపెట్టుకుంటారు’ అన్నావట. రెండో సీజన్ ఉందో లేదో కూడా ఇంకా తేల్చలేదట. ఈ రెండూ కలిపి విన్నప్పటి నుంచీ ఒకటే బెంగ.

హీరో మంచివాడు కాబట్టి సుఖాంతం దక్కాలనడం నాకూ ఒప్పుదల కాదు. మొదటి ఎపిసోడ్‌లో చూసేవాళ్ళకి నువ్వు ఏం మాటిచ్చావన్నదే లెక్క. అది నీ బాకీ. నవ్వించి తీరుస్తావో ఏడిపించి తీరుస్తావో నీ ఇష్టం, ఎగ్గొట్టడానికి మాత్రం వీల్లేదు.

కాబట్టి ముందు మొదటి ఎపిసోడ్ మళ్ళీ చూడు. హీరోకి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసి గోడకి అంటించు. ప్రతి ముఖ్య పాత్రా చివరిసారి ఎవరితో మాట్లాడాలో రాసుకో. కొత్త పాత్రనీ, కొత్త యంత్రాన్నీ ఆఖరి ఎపిసోడ్‌లో దించకు. ఇవి నీకూ తెలిసినవే.

తెలియాల్సింది ‘క్వాంటమ్ లీప్’ సంగతి. అమెరికాలో ఎన్.బి.సి. అనే టీవీ ఛానల్‌లో 1989 నుంచి 1993 దాకా ఐదు సీజన్లు నడిచింది. సామ్ బెకెట్ అనే శాస్త్రవేత్త కాలంలో చిక్కుకుని, ఒకరి తర్వాత ఒకరుగా పరాయివాళ్ళ జీవితాల్లోకి దిగుతాడు. అక్కడ తప్పిపోయినదాన్ని సరిచేసి మళ్ళీ దూకుతాడు. ఈసారి దూకితే ఇంటికే చేరతానన్నది అతని ఆశ, ఆ మాట టైటిల్స్‌లోనే వినిపించేవాళ్ళు. అంటే వారం వారం బాకీ పత్రం మీద సంతకం పెట్టినట్టే కదా?

అతని పక్కన హోలోగ్రామ్‌గా కనిపించే స్నేహితుడు ఆల్. వియత్నాం యుద్ధంలో ఆల్ ఖైదీగా ఉండగా, చనిపోయాడనుకుని భార్య బెత్ వేరే పెళ్ళి చేసుకుంటుంది. రెండో సీజన్ చివర సామ్ ఆవిడ ఉన్న కాలానికి వెళ్తాడు. ‘నేను బతికే ఉన్నానని చెప్పు’ అన్నదే ఆల్ కోరిక. సొంతవాళ్ళ కోసం గతాన్ని మార్చకూడదన్న నియమం ఉంది కాబట్టి సామ్ ఆ మాట ఆవిడకి చెప్పడు. ఆవిడకి కనపడకుండా, ఆవిడని తాకలేకుండా, ఆల్ ఆవిడతో కలిసి నాట్యం చేస్తాడు. ఆ సీన్ ఒక్కసారి చూడు, ఆఖరి ఎపిసోడ్‌కి విత్తనం ఎంత ముందుగా పడాలో తెలుస్తుంది.

ఇక ఆఖరి ఎపిసోడ్, 1993 మే 5. సామ్ తను పుట్టిన రోజునే, 1953లో, పెన్సిల్వేనియాలో ఒక గనుల ఊళ్ళోని బార్‌కి చేరతాడు. ఇన్నాళ్ళూ నిన్ను నడిపిస్తున్నది నువ్వేనని అక్కడి బార్‌మన్ చెప్తాడు. ఇల్లు కావాలని సామ్‌కి ఉంది. కానీ ఆల్‌కి చేసిన అన్యాయం ముందు సరిచేయాలనుకుని బెత్ దగ్గరికి వెళ్ళి, మీ ఆయన బతికే ఉన్నాడు, తిరిగొస్తాడు అని చెప్తాడు. ఇక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు. త్యాగం అతనిది, ఎంచుకున్నదీ అతనే, దానికి మూడేళ్ళ ముందే పునాది పడింది.

తర్వాత తెర నల్లబడి అక్షరాలు వస్తాయి. బెత్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని, ఆల్‌తో నలుగురు కూతుళ్ళని, జూన్‌లో 39వ పెళ్ళిరోజని రాశారు. ఆ తర్వాత ఇంకో వాక్యం, డాక్టర్ సామ్ బెకెట్ ఇంటికి తిరిగి రాలేదని. అంతే. తెర మీది ఆ రాతలో అతని ఇంటిపేరు స్పెల్లింగ్‌లో చివరి అక్షరం కూడా ఎగిరిపోయింది.

ఎపిసోడ్ తీసేటప్పటికి ఇంకో సీజన్ ఉందో లేదో వాళ్ళకీ తెలియదు. ఆపేశారని తేలాక సీన్ తీయడానికి వీలుండదు, అక్షరాలు వేయడానికి ఉంటుంది. తప్పు జరిగింది అక్కడే. రాకపోవడం అతని ఇష్టమా, రాలేకపోవడమా? ఆల్‌కి ఆ సంగతి తెలుసా? ఏ నటుడి ముఖం మీదా మనకి కనపడలేదు. 29 ఏళ్ళ తర్వాత 2022లో కొత్త సిరీస్ మొదలై, రెండు సీజన్లు నడిచి 2024లో ఆగిపోయింది. సామ్ పాత్ర వేసిన స్కాట్ బకులా అందులో లేడు. ఆల్ పాత్ర వేసిన డీన్ స్టాక్‌వెల్ 2021లోనే పోయాడు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

నువ్వున్నదీ అదే చోట. అందుకే గట్టిగా చెప్తున్నా, విను. చివరి రెండు పేజీలు రెండు రకాలుగా రాయి, కథ కొనసాగితే ఒకటి, ఇక్కడితో ఆగితే ఒకటి. రెండూ ఒకే సెట్‌లో, అవే బట్టల్లో, ఒకే రోజు తీసేలా రాస్తే ప్రొడ్యూసర్‌కి అదనంగా అయ్యేది పూట ఖర్చు. ఎడిటింగ్‌లో చూసుకుందాం అంటే ఒప్పుకోకు.

‘బాబిలోన్ 5’ అనే అంతరిక్ష సీరియల్ వాళ్ళు సరిగ్గా ఈ జాగ్రత్తే పడ్డారు. ఐదో సీజన్ వస్తుందన్న నమ్మకం లేక ఆఖరి ఎపిసోడ్ నాలుగో సీజన్‌తోనే తీసేశారు. ఐదో సీజన్ ఖాయమయ్యాక దాన్ని దాచి, నాలుగోదానికి వేరే ముగింపు తీసుకుని, దాచినదాన్ని ఐదో సీజన్ చివర, 1998 నవంబరులో చూపించారు. అందులో హీరో షెరిడన్ చనిపోతాడు. అయినా ఎవరికీ మోసపోయామనిపించదు. అతనికి మిగిలింది ఇరవై ఏళ్ళేనని నాలుగో సీజన్ మొదట్లోనే చెప్పేశారు మరి. స్నేహితులతో చివరి భోజనం, భార్యతో వీడ్కోలు, తర్వాత ఆమె ఒంటరిగా చూసే సూర్యోదయం, దేన్నీ తొందరపెట్టలేదు.

సుఖాంతమైతే బాకీ తీరిపోతుందనీ అనుకోకు. భూమికి ఎంతో దూరంలో చిక్కుకుపోయిన అంతరిక్ష ఓడ కథ ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ ఏడు సీజన్లు ఇల్లు ఇల్లు అని నడిచింది. 2001లో ఓడ భూమి ముందుకి వచ్చీ రాగానే అయిపోయింది. ఒక్కరూ నేల మీద అడుగు పెట్టలేదు. 44 నిమిషాల ఎపిసోడ్ అయితే పోరాటం ముగిశాక కనీసం ఏడెనిమిది నిమిషాలు మిగుల్చుకో. యాక్షన్ సీన్ పెరిగితే ముందుగా కోత పడేది ఆ నిమిషాలకే, జాగ్రత్త.

ఇక చంపడం గురించి. 2005లో ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ ‘ఎంటర్‌ప్రైజ్’ ఆఖరి ఎపిసోడ్‌లో ట్రిప్ టకర్‌ని చంపారు, సీరియల్ మొత్తాన్నీ మోసుకొచ్చిన ముగ్గురిలో ఒకణ్ణి. ఆ చావు లేకపోయినా కథ అక్కడికే చేరేది. నువ్వూ అలాంటి పని చేశావంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ సీన్ తీసేసి మిగతాది చదువు. ఏమీ మారకపోతే వాణ్ణి బతకనివ్వు.

వెనక మిగిలేవాళ్ళని కూడా చూసుకో తల్లీ. 1999లో మరో స్టార్ ట్రెక్ సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’ ముగింపులో హీరో సిస్కో గర్భవతి అయిన భార్యని వదిలి, కాలానికి అతీతంగా ఉండే దేవతల్లాంటి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. ఒక నల్లజాతి తండ్రి అలా వదిలేసి పోవడం తనకి ఇబ్బందిగా ఉందని నటుడు ఏవరీ బ్రూక్స్ చెప్తే సీన్ మార్చారు. తప్పక తిరిగొస్తానని, అది ఏడాది తర్వాతో, నిన్ననో కూడా కావచ్చు, ఎప్పుడన్నది చెప్పలేనని సిస్కో భార్యకి మాటిస్తాడు. ఒక్క మాటతో పారిపోవడం ఎడబాటుగా మారింది.

నీ కథ సంగతికొస్తే, హీరో గతంలో ఉండిపోవాలనే నువ్వనుకుంటే సరే, ఉండనీ. కానీ మొదటి ఎపిసోడ్‌లో బస్టాండ్‌లో వాడి కోసం ఎదురుచూసే చెల్లెలు ఉందట. ఆ పిల్లకి ఈ సంగతి ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, విన్నాక ఏం చేస్తుంది? డ్రాఫ్ట్‌లో ఆ పిల్ల మూడో ఎపిసోడ్ తర్వాత కనపడదని అమ్మ అంది. ముందు ఆ సీన్ రాయి. రాత్రంతా మేలుకుని కాదు, తిని పడుకుని పొద్దున్నే రాయి. రెండు ముగింపులూ నాకు పంపు, ఒక్కరోజులో చదివి చెప్తాను.

ప్రేమతో,
మావయ్య