బావిలో చమురు పడిందని బావమరిది చెబితే షేర్లు కొనవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రంలో చమురు తీసే ఒక కంపెనీ షేర్లలో 8 లక్షలు పెట్టాలనుకుంటున్నాను. ఆ కంపెనీకి రిగ్గు నడిపే కాంట్రాక్టు సంస్థలో మా బావమరిది ఇంజినీరు. కొత్త బావిలో మంచి నిల్వలు తగిలాయనీ, కంపెనీ ఇంకా ప్రకటించలేదనీ చెప్పాడు. అయితే ఇదివరకు ప్రభుత్వం ఈ కంపెనీలపై ఉన్నట్టుండి పన్ను వేసింది. మళ్లీ అలా చేస్తే వాటాదారులుగా మేము కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: మీరు పన్ను గురించి అడిగారు గానీ, అంతకంటే ముందు తేల్చవలసింది మీ బావమరిది చెప్పిన మాట సంగతి. కంపెనీ ఇంకా వెల్లడించని, తెలిస్తే షేరు ధరను కదిలించగల సమాచారం ఎవరి చేతిలో ఉన్నా, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ వ్యక్తి 'ఇన్‌సైడర్' (లోపలి సమాచారం ఉన్నవాడు) అవుతాడు. ఇందుకు కంపెనీ ఉద్యోగి కానక్కరలేదు. కాంట్రాక్టు ద్వారా కంపెనీతో సంబంధం ఉన్న మీ బావమరిది ఆ సమాచారాన్ని మీకు చెప్పడం ఒక ఉల్లంఘన, దాన్ని దగ్గర పెట్టుకుని మీరు షేర్లు కొంటే అది మరొక ఉల్లంఘన. మీ శ్రీమతి పేరున కొన్నా తేడా ఉండదు. సెబీ చట్టం 15-జి సెక్షన్ కింద జరిమానా 10 లక్షలకు తగ్గదు, అంటే మీరు పెట్టదలచిన మొత్తం కంటే ఎక్కువ. గరిష్ఠంగా 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు వేయవచ్చు. ప్రాసిక్యూషన్ జరిగితే పదేళ్ల వరకు జైలుశిక్షకూ వీలుంది. బంధుత్వం ఉన్నంత మాత్రాన సమాచారం చేతులు మారిందని ఊహించరాదని 2022లో బలరాం గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఆ తీర్పు మీకు అక్కరకు రాదు, సమాచారం అందిందని మీరే స్వహస్తాలతో రాసి పంపారు కదా! కాబట్టి కంపెనీ ఆ సంగతిని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసి, అది అందరికీ చేరేదాకా ఆ షేరు జోలికి పోకండి, ఈ మాట మరొకరి చెవిన వేయకండి.

ఇక పన్ను విషయం. రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం మన సముద్ర జలాల కింద, ఖండపు అంచు కింద ఉన్న ఖనిజాలు కేంద్రానివి. కంపెనీకి ఉండేది ఒప్పందం ప్రకారం వాటిని వెలికితీసే హక్కు మాత్రమే. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 క్షేత్రపు గ్యాసు వివాదంలో 2010 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకూ పునాది ఇదే. ఆ కంపెనీ ఆస్తిలో సైతం వాటాదారుకు నేరుగా హక్కు లేదని బచ్చా గజ్దర్ కేసులో 1955 నాటికే తేలిపోయింది. బ్యాంకుల జాతీయీకరణ కేసులో 1970లో వాటాదారు పిటిషన్‌ను కోర్టు విన్నది గానీ, అక్కడ దెబ్బతిన్నది వాటాదారు సొంత హక్కులు. కంపెనీపై పన్ను పడి డివిడెండు తగ్గడం ఆ కోవలోకి రాదు కాబట్టి, దానిపై వాటాదారుగా మీరు వేసే పిటిషన్ నిలవడం కష్టం. మీరన్న ఆ పన్ను సంగతికొస్తే, 2022 జూలై 1న టన్ను ముడిచమురుకు రూ.23,250 చొప్పున వేసిన ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకాన్ని పక్షానికోసారి సవరిస్తూ వచ్చి, చివరికి 2024 డిసెంబరులో ఎత్తివేశారు. 2025లో సవరించిన చమురుక్షేత్రాల చట్టం లీజు గడువుకూ షరతులకూ స్థిరత్వం ఇస్తానంటున్నది. అది పన్నుల నుంచి కూడా రక్షణ కల్పిస్తుందని మాత్రం నేను అనుకోను.

పన్ను కంటే వ్యాజ్యాల బరువు ఎక్కువ కావచ్చు. ఓఎన్‌జీసీ క్షేత్రం నుంచి పక్కనున్న తమ క్షేత్రంలోకి వలస వచ్చిన గ్యాసును రిలయన్స్ బృందం తీసిందన్న వివాదంలో 2018లో మధ్యవర్తుల తీర్పు ఆ బృందానికి అనుకూలంగా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టివేయగా, కేంద్రం 281 కోట్ల డాలర్లు కట్టమని నోటీసు ఇచ్చింది. సవాలు చేస్తామని రిలయన్స్ ప్రకటించింది. అందుచేత మీరు కొనదలచిన కంపెనీ వార్షిక నివేదికలో 'కంటింజెంట్ లయబిలిటీస్' (వివాదాలు ఎదురుతిరిగితే కట్టవలసి రాగల బాకీలు) శీర్షిక కింద ఉన్నదంతా, చిన్న అక్షరాలతో సహా, చదవండి. షేరు కొనదగినదా కాదా అన్నది సెబీలో నమోదైన సలహాదారు చెప్పాలి, న్యాయవాది కాదు. కంపెనీయే ఇటువంటి సంగతులను దాచిందనుకుంటే మదుపరుల ఫిర్యాదుల కోసం సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీల చట్టం 245వ సెక్షన్ కింద డైరెక్టర్లపై ఉమ్మడి దావాకు మొత్తం సభ్యుల్లో 5 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది కలిసి రావాలి.