గ్రీకు ఫోనోస్‌కీ మన హత్యకీ చుట్టరికం ఎక్కడ?

ప్రశ్న ఇది: గ్రీకు 'ఫోనోస్' (చంపడం), సంస్కృత 'హత్య' ఒకే ధాతువు నుంచి వచ్చాయంటారు, వినడానికి ఎక్కడా పోలిక లేదే? శత్రువుకి గ్రీకులో అన్ని మాటలెందుకు?

చుట్టరికం నిజమే, కాని చెవికి అందదు. మాటని కాదు, ధాతువు రూపం మార్చే తీరుని చూడాలి. హన్ ధాతువుకి 'హంతి' అంటే చంపుతాడు, 'ఘ్నంతి' అంటే చంపుతారు. ఒకే క్రియలో ఒకచోట హ, ఒకచోట ఘ. గ్రీకులో 'థెయినో' అంటే కొడతాను, 'ఎపెఫ్నోన్' అంటే చంపాను, 'ఫోనోస్' అంటే చంపడం. అక్కడ ఒకచోట థ, ఒకచోట ఫ. గ్రీకు, సంస్కృతం రెండూ పుట్టిన మూలభాషలో ఈ హల్లు పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ఘకారం. దాని తర్వాత ఎ వస్తే గ్రీకులో థ, సంస్కృతంలో హ అయింది. ఒ గాని న గాని వస్తే గ్రీకులో ఫ, సంస్కృతంలో ఘ. ఆ ఎ, ఒ రెండూ తర్వాత సంస్కృతంలో అ అయిపోయాయి. అందుకే కారణం కనపడదు, హల్లులో దాని జాడ మాత్రం మిగిలింది. శత్రుఘ్నుడిలో ఘ ఎందుకుందో, హంతకుడిలో హ ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. వీటికి చుట్టమే అయిన ప్రాచీన హిట్టైట్ భాషలోనూ ఇదే క్రియ 'కుయెంత్సి' (చంపుతాడు), 'కునంత్సి' (చంపుతారు) అని ఉంది.

ఒక మెలిక ఉంది. 'హత' (చంపబడిన) అనే మాటకి గ్రీకు జోడి 'ఫతోస్'. యుద్ధంలో చచ్చినవాణ్ని గ్రీకు మహాకవి హోమర్ 'అరేయిఫతోస్' అంటాడు. లెక్క ప్రకారం సంస్కృతంలో 'ఘత' రావాలి. 'హంతి' పోలికతో హ వచ్చి కూర్చుంది. వరసలో ఇలాంటి పొరపొచ్చం కనపడగానే చుట్టరికమే లేదని తేల్చేయకండి.

ఇక్కడి ఫ ఇంగ్లీషు 'ఫ్యాన్'లోది కాదు. ప్రాచీన ఏథెన్స్‌లో అది ఒత్తుగా పలికే ఫ, 'ఫలం'లో పలకాల్సినది. థ, ఖ కూడా అంతే. గ్రీకు రాసుకోవడానికి ఈ విషయంలో తెలుగు లిపి రోమన్ కంటే నయం.

ట్రాయ్ వీరుడు హెక్టర్‌కి హోమర్ ఇచ్చిన విశేషణం 'అండ్రోఫోనోస్', మనుషుల్ని చంపేవాడు. మొదటి సగం మన 'నర'కి చుట్టం. న్, ర్ కలిసే చోట గ్రీకులో డ్ దూరింది, అంతే. అంటే 'నరహంతకుడు'లో రెండు ధాతువులూ గ్రీకు మాటలో ఉన్నవే. కొత్త నిబంధనలో తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఈ మాటే ఉంది. తెలుగు బైబిల్లో దానికి 'నరహంతకులు' అనే వేశారు. అర్థం చూసి వేసిన మాటకి వంశం కూడా కలిసింది.

రెండో ముఖ్యమైన క్రియ 'క్తెయినో', చంపుతాను. దీని సంస్కృత చుట్టం 'క్షణోతి', గాయపరుస్తాడు. 'క్షతగాత్రుడు'లోని క్షతం అక్కడిదే. గ్రీకు క్త, సంస్కృత క్ష ఎదురుబొదురుగా రావడం ఇదొక్కచోటే కాదు: ఎలుగుబంటికి 'అర్క్తోస్', 'ఋక్ష', వడ్రంగికి 'తెక్తోన్', 'తక్షన్'. రెండు మూడు జోడీలు ఇలా వరసగా దొరికేదాకా ఏ పోలికనీ నమ్మకపోవడం మంచిది.

వాడుకలో తప్పు జరిగేది ఎక్కువగా దీనితోనే. వచనంలో 'అపోక్తెయినో' అంటారు గాని, 'చంపబడ్డాడు' అనాల్సి వస్తే దాని కర్మణి రూపం వాడరు. 'చచ్చాడు' అనే క్రియ, 'అపోథ్నేస్కో', తీసుకుని, 'హుపో' అనే విభక్తి మాటతో చంపినవాణ్ని చెబుతారు. తెలుగువాళ్లకి ఇది సులువు: 'వాడి చేతిలో చచ్చాడు' అంటాం కదా, సరిగ్గా అదే. 'చంపబడెను' అని మనసులో అనుకుని గ్రీకు రాయబోతేనే చిక్కు.

ఫోనోస్‌ని ప్రతిచోటా 'హత్య' అని అనువదించకూడదు. ఏథెన్స్‌లో డ్రాకో అనే పాతకాలపు శాసనకర్త చేసిన హత్యల చట్టాన్ని క్రీ.పూ. 409-408లో మళ్లీ రాతి మీద చెక్కారు. ముందస్తు ఆలోచన లేకుండా చంపినా దేశం విడిచి పోవాలన్నది ఆ పాఠం మొదట్లోనే ఉంది. అక్కడ క్రియ క్తెయినో. ఫోనోస్ అన్నది అభియోగం పేరు: బుద్ధిపూర్వకమైతే అరియోపగస్ అనే న్యాయస్థానంలో, అనుకోకుండా జరిగితే పల్లాడియోన్ అనే న్యాయస్థానంలో విచారణ. రెంటికీ పేరు ఫోనోసే. నెత్తురు అనే అర్థం కూడా దానికి ఉంది. గొంతు కోయడానికి వేరే మాట, 'స్ఫాజో'. అది బలి పశువుకీ మనిషికీ చెల్లుతుంది.

'వధ' మాత్రం హన్ సంతానం కాదు. దాని గ్రీకు చుట్టం 'ఓథెయో', నెడతాను. ఆస్మాసిస్ అనే శాస్త్ర పదం ఈ గ్రీకు క్రియ నుంచే పుట్టింది. అలాగే సొంత చేత్తో చంపినవాడు 'అవుథెంతేస్'. ఆ మాటే తర్వాత యజమాని అయి, తుర్కీలో 'ఎఫెండి'గా మర్యాద మాటయింది!

ఇక శత్రువులు. 'ఎఖ్థ్రోస్' అంటే పగవాడు, పక్కింటివాడైనా కావచ్చు. 'పొలెమియోస్' అంటే యుద్ధంలో ఎదుటి పక్షం, 'పొలెమోస్' (యుద్ధం) నుంచి వచ్చింది. సంధి కుదిరితే వాడు పొలెమియోస్ కాడు. ఎఖ్థ్రోస్‌కి 'బయటివాడు' మూలార్థమని ఒక వాదం ఉంది, నాకది కొంచెం సాగదీసినట్టే అనిపిస్తుంది. మూడోది 'దుస్మెనేస్', చెడు మనసు ఉన్నవాడు. సంస్కృత 'దుర్మనస్' ముక్కకి ముక్క అదే. ఇరాన్ వైపు ఆ రెండు ముక్కల జతే పారసీకంలో 'దుష్మన్' అయి, ఉర్దూ మీదుగా హైదరాబాద్ వీధుల్లోకి వచ్చింది.