స్పీకర్ బాక్స్ చేయబోయే మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నీ స్విఫ్ట్ కారులో వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్) బాక్సు, ముందు తలుపుల డోర్ ప్యాడ్‌లు (తలుపు లోపలి వైపు పలకలు) నీ చేత్తోనే చేసుకుంటానంటున్నావట. "వాడికి రంపం పట్టుకోవడం కూడా రాదు, నువ్వైనా వద్దని చెప్పరా" అంది. నేను వద్దని చెప్పను. ముప్ఫై ఏళ్లుగా ఆటోనగర్‌లో నా చేతులకు తెలిసింది నీకు రాసి ఇస్తాను. అది చదివాక మొదలుపెట్టు.

నేను ఈ పనిలోకి వడ్రంగం నుంచి వచ్చాను. అప్పట్లో మారుతి 800 కొన్నవాళ్లందరూ వెనక ట్రేలో కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు, ఆరు బై తొమ్మిదివి, పెట్టించుకునేవాళ్లు. ఆ ట్రే పల్చటి అట్ట. పాట కంటే అట్ట చప్పుడే ఎక్కువ వినిపించేది. ఒక రోజు ఒక బండికి ఆ అట్ట తీసేసి, దాని కొలతకే ప్లైవుడ్ కోసి, అంచుల్లో సందు లేకుండా బిగించాను. అవే స్పీకర్లు, అదే స్టీరియో. డోలు దెబ్బ మొదటిసారి గుండెకు తగిలింది. ఆ బండి ఓనరు కొత్త స్పీకర్లు వేశాననుకున్నాడు. అప్పటి నుంచి నేను స్పీకర్ గురించి కాక దాని వెనక ఉన్న గాలి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పల్చబడుతుంది. ఈ రెండూ ఎక్కడైనా కలిశాయంటే ఒకదాన్నొకటి తినేస్తాయి, బేస్, అంటే కింది స్వరాల దెబ్బ, చచ్చిపోతుంది. ఆ రెంటినీ కలవనివ్వకుండా ఆపడమే బాక్సు చేసే పని. డోర్ ప్యాడ్ చేసే పనీ అదే. నువ్వు వేసే ప్రతి మేకు, పూసే ప్రతి జిగురు దానికోసమేనని గుర్తుపెట్టుకో.

రెండో సంగతి బిగువు. నూజివీడులో వీణలు చేసేవాళ్లను చూశావు కదా. పనస దుంగలో కుండను తొలిచి, చెక్క పలచన చేసి, అది తీగతో పాటు పాడేలా చేస్తారు. మన బాక్సు దానికి పూర్తిగా వ్యతిరేకం. చెక్క అస్సలు పాడకూడదు. చెక్క మోగిందంటే స్పీకర్‌కు వెళ్లాల్సిన శక్తి గోడలు అదరడానికి పోతున్నట్టు. అందుకే 18 మి.మీ. ఎండీఎఫ్, అంటే చెక్క పొడిని నొక్కి చేసిన పలక, వాడతాం. బరువుగా ఉంటుంది, ఎక్కడ కోసినా ఒకేలా ఉంటుంది, లోపల ప్లైవుడ్‌లో లాగా ఖాళీ గదులు ఉండవు. పన్నెండు అంగుళాల వూఫర్ బిగించే ముందు పలకకు రెండు పొరలు వేస్తే ఇంకా మంచిది. లోపల ఎదురెదురు గోడల మధ్య ఒక అడ్డకర్ర పెట్టు.

ఇప్పుడు లెక్క. వూఫర్ ఇంకా కొనలేదట కదా. కొనే ముందు దాని కాగితంలో మూడు అంకెలు చూడు: ఎఫ్‌ఎస్ (స్పీకర్ తనంతట తాను ఊగే స్వరం), క్యూటీఎస్ (ఆ ఊగు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె), వాస్ (కోన్‌ను పట్టి ఉంచే బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో). ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తరవాత 1970లలో సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ చేసిన పని వల్లే ఇవాళ మనం ఏ వూఫర్‌కు ఎంత గాలి కావాలో కాగితం మీదే తేల్చగలుగుతున్నాం. మూసిన బాక్సుకు లెక్క తేలిక. ఉదాహరణకు క్యూటీఎస్ 0.45, వాస్ 44 లీటర్లు అనుకో. మూసిన బాక్సులో పెట్టాక ఆ క్యూ అంకె 0.707 ఉంటే సాఫీగా పలుకుతుంది. దాన్ని 0.45తో భాగిస్తే 1.57. దాన్ని దానితోనే గుణిస్తే 2.47. ఒకటి తీసేస్తే 1.47. 44ను 1.47తో భాగించు, 30 లీటర్లు. అంతే.

ఈ 30 లీటర్లు లోపలి ఖాళీ. కొత్తవాళ్లు ఇక్కడే తప్పుతారు. నీ డిక్కీలో వెనక సీటు వాలుగా ఉంటుంది కాబట్టి బాక్సు వెనక గోడ కూడా వాలుగా రావాలి. లోపల వెడల్పు 40 సెం.మీ., ఎత్తు 34, లోతు పైన 20, కింద 30 అనుకుందాం. లోతు సగటు 25. మూడూ గుణిస్తే 34 లీటర్లు. వూఫర్ అయస్కాంతం, దాన్ని మోసే లోహపు బుట్ట, అడ్డకర్ర కలిపి మూడు నాలుగు లీటర్లు తింటాయి. మిగిలేది మనకు కావలసిన 30. అదే పొరపాటున బయటి కొలతలు గుణించావంటే దాదాపు 47 లీటర్లు కనిపిస్తాయి. పలక మందమే 13 లీటర్లు మింగుతుందన్నమాట. ఇంకో మాట, పైన 20 సెం.మీ. లోతే ఉంది కాబట్టి వూఫర్ లోతు కూడా చూసుకో. దాని వెనక గోడకు రెండు మూడు సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి.

మూసిన బాక్సా, గొట్టం పెట్టిన బాక్సా అని నన్ను అడుగుతావని తెలుసు. మొదటి బాక్సు మూసిందే చెయ్యి. అందులో గాలి స్ప్రింగులా పనిచేసి కోన్‌ను అదుపులో ఉంచుతుంది. కింది స్వరాల దగ్గర మూసిన బాక్సు మెల్లగా తగ్గుతుంది. కారు లోపలి చిన్న గది సరిగ్గా ఆ కింది స్వరాలనే పెంచుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇంట్లో బోసిపోయే మూసిన బాక్సు కారులో నిండుగా పలకడానికి కారణం ఇదే. గొట్టం బాక్సు సంగతి గోలీసోడా సీసా మూతి మీద ఊదినట్టే. సీసా ఎంత, మూతి ఎంత అన్నదాన్ని బట్టి ఒక స్వరం దగ్గర గట్టిగా మోగుతుంది. 45 లీటర్ల బాక్సును 35 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే లోపల 10 సెం.మీ. వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం 35 సెం.మీ. పొడవు కావాలి. 7.5 సెం.మీ. గొట్టమైతే పద్దెనిమిదిన్నర చాలు, కానీ అంత సన్నటి గొట్టంలో గాలి బుస్సుమని కొడుతుంది. పైగా శ్రుతి చేసిన స్వరం కంటే కిందకు వెళ్తే కోన్‌ను ఆపే గాలి ఉండదు. ఆంప్లిఫయర్‌లో మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టకపోతే వూఫర్ చిరిగిపోవచ్చు. అది రెండో బాక్సుకు ఉంచుకో.

ఎండీఎఫ్ ఇంట్లో కొయ్యకు. ప్యానెల్ సా (పలకలు కోసే పెద్ద రంపం యంత్రం) ఉన్న ప్లైవుడ్ షాపులో కొలతలు ఇచ్చి కోయించు. అంచులు తిన్నగా వస్తే సగం లీకులు అక్కడే పోతాయి. ముందు అట్టపెట్టె కోసి అదే కొలతకు బొమ్మ బాక్సు చేసి డిక్కీలో పెట్టి చూడు. డిక్కీ మూత పడుతుందా, స్టెప్నీ తీయగలవా చూసుకో. ఎండీఎఫ్ అంచులో నేరుగా స్క్రూ దింపితే చీలుతుంది. ముందు సన్నటి బిట్‌తో రంధ్రం వేసి, 40 మి.మీ. స్క్రూలు అరచెయ్యి దూరానికొకటి వెయ్యి. స్క్రూ పట్టి ఉంచడానికే. అతికేది ఫెవికాల్. అది అంచు పొడవునా చిన్న పూసల్లా బయటికి ఉబికి రావాలి. మూలల్లో లోపలి వైపు మళ్లీ ఒక వరస జిగురు పూయి. చాలామంది సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అయితే ఆ ఆవిరి రాగి తీగలను తింటుంది. అది పూశావంటే వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజు, వూఫర్ బిగించకు. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఎండీఎఫ్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బిగించాక లీకు చూడటానికి నా పద్ధతి అగరుబత్తి. ఫ్యాను ఆపి, బేస్ ఉన్న పాట పెట్టి, వెలిగించిన అగరుబత్తిని ప్రతి అతుకు వెంట, తీగలు వచ్చే కప్పు చుట్టూ మెల్లగా జరుపు. పొగ ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ సందు ఉంది. నా దగ్గర నుంచి వెళ్లిన ఏ బాక్సూ ఈ పరీక్ష లేకుండా వెళ్లలేదు.

ఆ బాక్సు ఖాళీదే పది కిలోలు దాటుతుంది. డిక్కీలో ఊరికే పెట్టి వదలకు. బ్రేకు గట్టిగా పడితే అది ఎగిరి సీటు మీదకు వస్తుంది, వెనక కూర్చునేది మా అక్క. కింద బ్రాకెట్‌తో గానీ గట్టి పట్టీతో గానీ కట్టెయ్యి.

ఇక తలుపులు. నిజం చెప్పాలంటే నీకు డిక్కీ కంటే తలుపుల్లోనే ఎక్కువ మార్పు వినిపిస్తుంది. గొంతు, వయొలిన్, తబలా అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ప్యాడ్ ఊడదీసి చూడు, లోపలి రేకులో చెయ్యి పట్టేంత రంధ్రాలు ఉంటాయి, మీద ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది. స్పీకర్ వెనక గాలి అంతా ఆ రంధ్రాల్లోంచి ముందుకు వచ్చేస్తుంది. ఆ రంధ్రాలను అల్యూమినియం రేకు ముక్కలతో మూసి, వాటి మీద బ్యూటైల్ షీట్ (అదురును ఆపే రబ్బరు షీట్) అతికించు. బయటి రేకు లోపలి వైపు కూడా అక్కడక్కడ ఆ షీట్ వెయ్యి. తారు షీట్ చవక, కానీ మన మే నెల ఎండకు కారిపోతుంది. అద్దం మోటారు రిపేరు వస్తే తీసేలా స్క్రూలతోనే రేకు బిగించు.

తలుపులో నీళ్లు పడతాయి. అద్దం పక్క నుంచి వాన లోపలికి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి కారిపోతుంది. ఆ అడుగు రంధ్రాలను ఎప్పుడూ మూయకు, మూస్తే తలుపు తుప్పు పట్టి పోతుంది. ఈ నీళ్ల సంగతి తెలియక నేను ఒక బండి పాడుచేశాను. స్పీకర్ కింద పెట్టే రింగులు ఎండీఎఫ్‌తో చేసి, రంగు కూడా వేయకుండా బిగించాను. జూన్‌లో చేస్తే ఆగస్టుకు బిస్కెట్ నానినట్టు ఉబ్బి, స్క్రూలు ఊడి, స్పీకర్ వేలాడింది. ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధ. నా డబ్బుతో మళ్లీ చేశాను. తలుపు రింగుకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ గానీ, గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గానీ వాడు. ప్లైవుడ్ అయితే కోసిన అంచులకు రెసిన్ (ఆరాక గట్టిపడే ద్రవం) పూయి.

రింగు మందం తేల్చే ముందు అద్దం పూర్తిగా కిందకు దించు. అద్దం పైన ఉన్నప్పుడు కొలిస్తే స్పీకర్ చక్కగా పడుతుంది, బిగించాక అద్దం దించితే అయస్కాంతానికి తగులుతుంది. అద్దం దించి, స్పీకర్ పట్టుకుని, చెయ్యి పెట్టి తడిమి చూడు.

ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు. పిల్లర్ (అద్దాల పక్కన పైకప్పును మోసే నిలువు కమ్మీ) మీద గానీ సీటు పక్కన గానీ ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉంటే దాన్ని కప్పకు, కొయ్యకు, దాని మీద ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) గూడు కట్టకు. కొన్ని బండ్ల తలుపు లోపల గాలి ఒత్తిడిని పసిగట్టే సెన్సార్ ఉంటుంది, పక్క నుంచి గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరిచేది దాని మాట మీదే. అలాంటి తలుపు రంధ్రాలను మూయడం, కొత్తవి కోయడం వద్దు. ప్యాడ్ ఊడదీసిన రోజే ఫోటో తీసి నాకు పంపు.

ప్యాడ్ మీద స్పీకర్ గూడు ఫైబర్‌తో, అంటే గాజునార, రెసిన్ కలిపి, కట్టాలి. రింగును నీ చెవి వైపు కొంచెం తిప్పి, చిన్న కర్ర ముక్కలతో ప్యాడ్‌కు నిలబెట్టు. కూర్చుని తలుపు మూసి, మోకాలు తగులుతుందా చూడు. ఆ తరవాత ఫ్లీస్ గుడ్డను ముడతలు లేకుండా లాగి స్టేపుల్ చెయ్యి. గుడ్డ ఎలా లాగితే గూడు ఆకారం అలా వస్తుంది, ఇక్కడ తొందరపడితే ఆ తప్పును పుట్టీతో కప్పడానికి రెండు రోజులు పడుతుంది. గుడ్డకు రెసిన్ తాగించి, గట్టిపడ్డాక లోపలి వైపు నుంచి చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ రెండు మూడు పొరలు వెయ్యి. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. ఒట్టి గుడ్డ మీద పుట్టీ పెట్టి వదిలేసిన గూళ్లు ఆరు నెలల్లో పగలడం చాలా చూశాను.

రెసిన్‌తో జాగ్రత్త. షాపువాడు మూడు సీసాలు ఇస్తాడు: రెసిన్, ఊదా రంగు కోబాల్ట్, నీళ్లలా ఉండే హార్డెనర్. కోబాల్ట్, హార్డెనర్ ఎప్పుడూ నేరుగా కలవకూడదు, కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో పూర్తిగా కలపాలి, ఆ తరవాతే హార్డెనర్, నూటికి ఒకటి రెండు వంతులు. రెండింటికీ వేరు వేరు చెంచాలు. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోతుంది, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు లేకుండా మూత తీయకు. ఒక్కసారికి 200 గ్రాములకు మించి కలపకు, ఎండలో కప్పులోనే వేడెక్కి పొగ వస్తుంది. ఆరుబయట, నీడలో, పొద్దున్నే చెయ్యి.

పుట్టీ పెట్టి 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి, 120, 220 దాకా రుద్దు. కొండపల్లి బొమ్మల వాళ్లు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో బొమ్మ చేతినీ భుజాన్నీ అతికితే, ఎక్కడ అతికారో తెలియదు. వేలు పెట్టి తడిమితే గూడు ఎక్కడ మొదలైందో తెలియకూడదు, అప్పుడే రెగ్జిన్ వెయ్యి. రెగ్జిన్‌కు, గూటికి రెండింటికీ ఎస్ఆర్ జిగురు (రబ్బరు రకం జిగురు) పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక మధ్య నుంచి అంచులకు అతికించు. వంపుల్లో హీట్ గన్.

కరెంటు తీగ బ్యాటరీ దగ్గర నుంచి తెస్తావు కదా. బ్యాటరీకి మూర దూరం లోపే ఫ్యూజ్ ఉండాలి. రేకు దాటే చోట రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచు తగలకుండా కాపాడే రింగు) లేకపోతే రేకు అంచు తీగను కోసి బండి కాలిపోతుంది. స్వచ్ఛమైన రాగి తీగే కొను, రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చాలదు.

వచ్చే ఆదివారం మా షెడ్డు ఖాళీ. నా క్లాంపులు ఆరు, జిగ్‌సా నీకోసం పక్కన పెడుతున్నాను. అట్టతో చేసిన బొమ్మ బాక్సు, వూఫర్ కాగితం తీసుకుని రా. వూఫర్ నీ చేతికి వచ్చి, దాని అంచును పలక మీద పెట్టి చూసేదాకా గుండ్రటి రంధ్రం మాత్రం కొయ్యకు.

ఉంటాను,
మీ మావయ్య